నీళ్ళు పలికిన రోజు

మా నాన్న మిర్చియార్డులో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు.
ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే
వంటింట్లో అమ్మ తుమ్మేది,
పక్కవాటాలో జానీబేగం తుమ్మేది,
గోడ మీద పిల్లి కూడా.
ఎర్రటి రవ్వ ఎక్కడా కనిపించేది కాదు.
కనిపించనిది ఉందని చెప్పడానికి
గుంటూరులో ముక్కు చాలు.

ఇప్పుడు నా ముక్కు ఒక యంత్రం.
పెద్దాసుపత్రి వెనక బ్లాకు, రెండో అంతస్తు, మూడు గదులు.
మొదటిదాంట్లో మందులు కలుపుతాం,
రెండోదాంట్లో రక్తం,
మూడోదాంట్లో యంత్రం.
ఒకటి నుంచి మూడుకి నడవొచ్చు.
మూడు నుంచి ఒకటికి రాకూడదు,
కాలవ ఎదురు పారదు కదా, అట్లా.

పసిపిల్లల మడమ నుంచి తీసిన చుక్కలు
అట్ట మీద ఎండి
వినుకొండ నుంచి, రేపల్లె నుంచి
తాంబూలం మరకల్లా కవర్లలో వస్తాయి.
ఆరు వారాల బిడ్డలు.
తల్లి ఒంటి సాక్ష్యమే బిడ్డ ఒంట్లోనూ తిరుగుతుంటుంది గనక
మామూలు పరీక్ష వాళ్ళ విషయంలో తడబడుతుంది.
అందుకే మేం వైరస్ చేతిరాతనే వెతుకుతాం.
అది తిరగరాసుకునే జాతి.
తన రాతను వెనక్కి తిప్పి
మన కణం దస్తావేజులో కలిపేస్తుంది,
దొంగ రిజిస్ట్రేషన్ చేయించుకున్న పొలంలా.

ఒక్క రాత దొరికితే చాలు,
యంత్రం దాన్ని రెండు చేస్తుంది, రెండుని నాలుగు,
అట్లా నలభై చుట్లు.
రవ్వ బస్తా అవుతుంది.
ఇబ్బందల్లా
బస్తా దులిపితే మళ్ళీ రవ్వలే.

ప్రతి ప్లేటులో ఒక గుంటలో ఉత్త నీళ్ళు పోస్తాం.
తల్లి లేదు, బిడ్డ లేదు, రక్తం లేదు.
నోరు మెదపకుండా ఉండటమే దాని ఉద్యోగం.
మార్చి నెల, యార్డు సీజను, ఊరంతా తుమ్ముతున్న మంగళవారం
ముప్పై ఏడో చుట్టులో
నీళ్ళు పలికాయి.

గీత మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు లేచింది.
"ముప్పై అయిదు దాటినవన్నీ లేవని రాసేద్దాం మేడమ్" అన్నాడు మస్తాన్‌వలి.
డాక్టర్ హైమవతి గారు కళ్ళద్దాలు తుడుచుకుని,
"అక్కడ కోస్తే నీళ్ళ నోరు మూతపడుద్ది.
ముప్పై ఆరులో పలికిన ఆ ప్రత్తిపాడు బిడ్డ నోరు కూడా" అన్నారు.
నలభై రెండు ఫలితాలు ఆపేశాం.

కింద బల్ల మీద మాణిక్యం,
తెల్లారుజామున బస్సెక్కి వచ్చింది.
"ఉందా, లేదా?"
ఆ రెండు మాటలకే గుండె సర్దుకుని వచ్చిన మనిషికి
మూడోది చెప్పాను.
"మళ్ళీ చెయ్యాలమ్మా."
తిట్టలేదు. బిడ్డ పాదం గుప్పిట్లోకి తీసుకుని
"మళ్ళీ గుచ్చుతారా?" అంది.
లేదు, అట్ట మీద ఇంకో రెండు చుక్కలున్నాయి అన్నాను.
ఆ రెండూ నాకు రాత్రి నిద్రలోనూ కనిపించాయి.

తొమ్మిది రోజులు వెతికాం.
నీళ్ళ సీసా మార్చాం, కొత్త నీళ్ళూ పలికాయి.
పిపెట్లు విప్పి తుడిచాం, బల్లలకి బ్లీచింగు పట్టించాం,
ఏసీ జాలీ కడిగాం.
మూతలు తీసిన నీళ్ళ గొట్టాలు
మూలమూలకీ ఎలకబోనుల్లా పెట్టి గంటసేపు వదిలేశాం.
తలుపు దగ్గరివి మౌనం.
కిటికీ దగ్గరివి మౌనం.
నా కుర్చీ దగ్గరిది పలికింది.

నా పెన్ను.
నీలం మార్కరు.
మూడో గదిలో, పైపొర ఒక మూల లేచిన పాత ప్లేటు మీద తేదీ వేసి
అలవాటుగా కొప్పులో గుచ్చుకుని,
కోటు మార్చి, గ్లౌజులు మార్చి, చెప్పులు కూడా మార్చి,
మర్నాడు మొదటి గదిలోకి
పువ్వులా పెట్టుకెళ్ళింది నేనే.

రాత్రి నాన్నకి చెప్పాను. నవ్వుతాడనుకున్నా.
"గుమ్మం బయట చొక్కా విప్పడం
మీ అమ్మ పోయాకే నేర్చుకున్నా" అన్నాడు.

ఇప్పుడు గదికో పెన్ను,
బ్యాంకులో లాగా దారం కట్టి.
పదో రోజు నలభై చుట్లూ కదలకుండా కూర్చున్నా.
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ప్రత్తిపాడు బిడ్డ గీత ఎటు పోయిందో ఇక్కడ రాయను,
అది వాళ్ళమ్మది.
ఈసారి పలికినా పలక్కపోయినా
అది ఆ బిడ్డ మాటే, నా పెన్నుది కాదు అని మాత్రం
సంతకం పెట్టాను.